తాండూరు వరకే

మా వదిన తాండూరులో ఉన్నది అయిదేళ్లకు కొద్ది నెలలు తక్కువ. ఆ కొద్ది నెలలూ గడిచి ఉంటే ఆమె ఈ దేశపు మనిషి అయ్యేదేమో, ఆమె కూతురు ఆమె దగ్గరే పెరిగేదేమో. గడవనివ్వనివాడు మా అన్న. కానీ గడిచేలా చేయగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒకరుండేవారు. అది నేను.

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. నేను చదువుకున్నది తెలుగు బడిలో. నాకు రాయడం చేతనయింది తెలుగులోనే కాబట్టి మా వాళ్ల మాటలు కూడా తాండూరు తెలుగులోనే రాస్తున్నాను. వదినను మాత్రం మేం భాబీ అనేవాళ్లం, నాన్నను అబ్బా అనేవాళ్లం.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బడులు మూతపడ్డాయి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. రోజంతా ఇంట్లోనే ఉండేదాన్ని. ఆ రోజుల్లోనే కరాచీ నుంచి మామయ్య ఉత్తరం వచ్చింది. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. నిజాం రాజ్యం పోయిన మరుసటేడు ఊరు విడిచి వెళ్లినవాడు అప్పటిదాకా మళ్లీ రాలేదు. అబ్బా ఉత్తరం చదివి వినిపించాడు. తన పెద్ద బిడ్డను మా అన్నకే ఇస్తానని రాశాడు మామయ్య. అమ్మకు చదువు రాదు. అయినా ఆ కాగితం చేతిలోకి తీసుకుని ముందూ వెనకా తిప్పి చూసి ఏడ్చింది.

"నా తమ్ముడు రాకున్నా తమ్ముని బిడ్డ వస్తది," అంది.

అన్నకు అప్పుడు పదిహేడేళ్లు. ఆ పిల్లకు పన్నెండు. అన్నను ఎవరూ అడగలేదు. ఆ పిల్లను అడిగి ఉంటారని కూడా నేననుకోను.

తర్వాత పాకిస్తాన్‌తో లడాయి వచ్చింది. ఉత్తరాలు ఆగిపోయాయి. అబ్బా పోయాడు. అన్న బండల పాలిష్ ఫ్యాక్టరీలో కుదిరాడు. నాపరాళ్లను సైజుల వారీగా ఏరించి లారీలకు ఎక్కించే పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది. ఈ ఊళ్లోనే రెండు మూడు మంచి సంబంధాలు వచ్చాయి. అన్నకు అందులో ఒకటి ఇష్టమేనని నాకు తెలుసు. అమ్మ మాత్రం "మాటిచ్చిన" అని కూర్చుంది. లడాయి ముగిసి, రైళ్లు నడిచి, వీసాలు మొదలయ్యేసరికి అన్నకు ఇరవై అయిదు నిండాయి. డెబ్బై ఎనిమిది మొదట్లో మామయ్య కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. మా వాకిట్లోనే నికా జరిగింది. మూడు వారాలుండి మామయ్య వెళ్లిపోయాడు.

నికా అయినంత మాత్రాన ఆమె ఇక్కడ ఉండిపోవడానికి వీల్లేదన్న సంగతి మాకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు. కాగితాలు రాసిపెట్టే రైటరు ఒకాయన ఉండేవాడు, ఆయన విప్పి చెప్పాడు. ఆమె ఉండేది ఏడాది లెక్కన. ప్రతి ఏడూ గడువు పెంచమని దరఖాస్తు పెట్టాలి. దానికి మొగుడి లేఖ జతచేయాలి: ఈమె నా భార్య, నాతోనే కాపురం ఉంటున్నది, ఈమె బాధ్యత నాది అని. కింద సంతకం. పోలీసులు వచ్చి విచారిస్తారు. కాగితం వికారాబాద్ పోతుంది, అక్కడి నుంచి హైదరాబాద్. ఈలోగా ఆమె తాండూరు దాటకూడదు.

"గిట్ల అయిదేండ్లు నిండితె పౌరసత్వానికి పెట్టుకోవచ్చమ్మా," అన్నాడు రైటరు. "అప్పటిదాంక గా పిల్ల ఉండుడు మీవోని సంతకం మీదనే."

అమ్మ తలూపింది. మొగుడు సంతకం పెట్టడంలో కష్టమేముంది అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. రెండో ఏడు నుంచి ఆ దరఖాస్తూ లేఖా రాసే పని నాదయింది. నా దస్తూరి బాగుంటుందని.

భాబీ సముద్రం పక్కన పుట్టి పెరిగింది. మా ఊరి ఎండకు మొదటి నెలంతా ముక్కు నుంచి రక్తం కారేది. జొన్నరొట్టె అరిగేది కాదు. ఎన్నిసార్లు తుడిచినా గిన్నెల మీద బండల దుమ్ము పేరుకునేది. ఆమె మళ్లీ తుడిచేది. నేను టీచరు కావాలనుకుంటున్నానని విని, అప్పటికి నాకు ట్రైనింగ్ సీటు కూడా రాకముందే, "టీచరమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది. నా పాత మూడో తరగతి వాచకం పట్టుకుని తెలుగు నేర్చుకుంది. నేను "ళ" పలికితే నా నాలుక ఎక్కడుందో చూస్తానని నోట్లోకి తొంగి చూసేది.

నెలకోసారి కానిస్టేబుల్ వచ్చేవాడు. పెద్దవాడు, మంచివాడే. అరుగు మీద కూర్చుని చాయ తాగి, "అమ్మ ఉన్నదా?" అని అడిగేవాడు. ఆమె పరదా వెనక నుంచి "ఉన్న" అనేది. "బయటికి రానవసరం లేదమ్మా, గొంతు ఇంటె సాలు," అని వెళ్లిపోయేవాడు. అతను వెళ్లాక కూడా కాసేపు ఆమె అక్కడే నిలబడి ఉండేది.

అన్న చెడ్డవాడని రాయడం సులువు. కానీ మొదట్లో అతను ఆమెను బాగానే చూసుకున్నాడు. పండక్కి గాజులు తెచ్చాడు. పాప పుట్టినప్పుడు ఫ్యాక్టరీలో అందరికీ మిఠాయి పంచాడు. ఏ రోజు మారాడో నేను చెప్పలేను. ఫ్యాక్టరీలో అతన్ని "పాకిస్తాన్ అల్లుడు" అనేవారట, నవ్వులాటకే. వికారాబాద్‌లో మా పెద్దమ్మ కొడుకు పెళ్లయితే భాబీకి అనుమతి సమయానికి రాలేదు. అన్న ఒక్కడే వెళ్లాడు. చుట్టాలంతా "నీ పెండ్లాం ఏది?" అని అడిగారట. తిరిగొచ్చి చెప్పులు విడవకుండానే, "అందరి పెండ్లాలు మొగని ఎంబడి వస్తరు. నా పెండ్లాం ఠాణాల అడిగి రావాలె," అన్నాడు. అన్నంలో ఉప్పు తక్కువైన ఒక రోజు, "నా సంతకం మీద బతుకుతున్నవ్, యాదికి పెట్టుకో," అన్నాడు. ఆ మాట అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత అదే మాట నవ్వకుండా అనడం మొదలుపెట్టాడు.

బండల పని మీద అతను కర్ణాటకలోని చిత్తాపూర్ వైపు పోయి వస్తుండేవాడు. ఒక రోజు అమ్మ ఇంకో రొట్టె వేయబోతే చేయి అడ్డం పెట్టి "బేడ" అన్నాడు. అది కన్నడం, వద్దు అని. కొత్త మాట నోటికి అంత సులువుగా రావాలంటే ఆ మాట ఎవరో పక్కన కూర్చుని అన్నం పెడుతూ అంటూ ఉండాలి. అమ్మ అతని ముఖంలోకి చూసింది. భాబీ పాప నోరు తుడుస్తూ ఉండిపోయింది.

ఎనభై ఒకటిలో నాకు ఉద్యోగం వచ్చింది. బంట్వారం దగ్గర ఊరు. వారమంతా అక్కడ ఉండి శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేదాన్ని. ఉద్యోగంలో చేరేముందు పోలీసు విచారణ జరిగింది. మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగారు. చెప్పాను. రాసుకున్నారు. మా హెడ్మాస్టరు నన్ను పిలిచి, "జర పైలంగ ఉండు బిడ్డా. మీ ఇంటి మీద ఒక కన్ను ఉంటది," అన్నాడు. నన్ను బెదిరించాలని కాదు, నా మంచికే చెప్పాడు. కానీ ఆ మాట నాలో దిగబడిపోయింది.

మరుసటి ఏడు ఎండాకాలం మొదట్లో ఇంట్లో ఒక మార్పు కనిపించింది. భాబీ పాపను తీసుకుని అమ్మ గదిలో పడుకుంటోంది. అన్న లోపలికి వస్తే తలమీదికి కొంగు లాక్కుంటోంది. అతని కంచం పెట్టి వెంటనే వంటింట్లోకి వెళ్లిపోతోంది. మొగుడూ పెళ్లాల అలక అనుకున్నాను. వారానికి ఒక్క రోజు ఉండేదాన్ని, తరచి అడగలేదు.

సెప్టెంబరులో నేను దరఖాస్తూ లేఖా రాసి అన్నకు ఇచ్చాను. ఇది అయిదో ఏటి కాగితం. అతను దాన్ని గూట్లో పెట్టాడు. వచ్చే శనివారానికీ అది గూట్లోనే ఉంది, సంతకం లేకుండా. ఆ పై వారం కూడా అలాగే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం భాబీ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను పక్కన కూర్చున్నాను.

"టీచరమ్మా, మీ అన్న సంతకం ఎట్ల పెడ్తడో నీకు ఎరుకే గద," అంది.

"ఎరుకే."

"నువ్వే పెట్టు."

"దొంగ సంతకమా? నాది సర్కారు నౌకరి భాబీ. పట్టుకుంటె ఇద్దరం జైల్ల ఉంటం."

"ఎవరు పట్టుకుంటరు? నాలుగేండ్ల సంది గా సంతకం ఎవరన్న మల్ల సూసిండ్రా?"

"గట్ల కాదు. అన్న అలిగిండు, గంతే. నేను మాట్లాడ్త."

"అలుగుడు కాదు."

"మరేంది?"

ఆమె చాటలో ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "ఏం లేదు," అంది.

నేను అడగాల్సింది. చేయి పట్టుకుని, ఏమైందో చెప్పు అని అడగాల్సింది. అడిగితే చెప్పేస్తుందేమో, చెబితే నేను సంతకం పెట్టాల్సి వస్తుందేమో అని భయపడ్డానా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. భయపడ్డాననే అనుకుంటున్నాను.

ఫ్యాక్టరీకి వెళ్లి అన్నతో మాట్లాడాను. మిషన్ల హోరులో అతను నా మాట సగమే విన్నాడు. "సూద్దాం తీ," అన్నాడు. గడువు దగ్గరపడింది. సంతకం లేకుండానే దరఖాస్తు ఇచ్చి వచ్చాను. పిలిచి అడుగుతారు, అడిగితే వాళ్ల ముందు కాదనలేక పెడతాడు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది.

పిలిచారు. వికారాబాద్ ఆఫీసుకు మొగుడూ పెళ్లాం ఇద్దరూ రావాలని కబురు. ఆమెకు రాసీ చదివీ పెట్టడానికి నేను తోడు వెళ్లాను. పిలుపే అనుమతి కాబట్టి ఈసారి ఆమె ఠాణాలో అడగనవసరం లేకపోయింది. అయిదేళ్లలో ఆమె తాండూరు దాటడం అదే మొదటిసారి. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ప్రతి స్టేషను బోర్డూ కూడబలుక్కుని చదివింది. "ధా... రూ... ర్," అని చదివి నా వైపు చూసింది, సరిగ్గా చదివానా అన్నట్టు. అన్న ఎదురు బల్ల మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ఆ ఆఫీసులో ఉన్నాయన నెమ్మదస్తుడు. మా ముగ్గురినీ కూర్చోబెట్టాడు. లేఖను అన్న ముందుకు జరిపాడు.

"ఈమె నీ భార్యేనా?"

అన్న లేఖ అంచును వేలితో సర్దాడు.

"ఔను అంటె ఈడ్నే సంతకం పెట్టి పోవచ్చు. మల్ల మిమ్మల్ని పరేషాన్ చెయ్య," అని పెన్ను కూడా ఇచ్చాడు.

అన్న పెన్ను పట్టుకోలేదు. "ఉండె," అన్నాడు.

"ఉండె అంటె?"

"తలాఖ్ ఇచ్చిన. ఎనిమిది నెలలైంది."

నేను భాబీ వైపు తిరిగాను. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. కాలి వేళ్ల వైపు చూస్తోంది. అమ్మ గదిలో పడక, తలమీది కొంగు, అన్నీ ఒక్కసారి నాకు అర్థమయ్యాయి. ఆఫీసరు ఆమెను అడిగాడు, "నిజమేనా అమ్మా?" ఆమె కాదంటుందనుకున్నాను. కాదనాలని మనసులో మొక్కుకున్నాను.

"నిజమే," అంది.

ఆయన లేఖ వెనక్కి తీసుకుని ఫైల్లో పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో అన్న వేరే డబ్బా ఎక్కాడు. నేను ఉండబట్టలేక అన్నాను, "ఎందుకు ఒప్పుకున్నవ్ భాబీ? అబద్ధం అంటివంటె ఇంకొన్ని దినాలు ఆగుతుండె గద."

"అబద్ధం ఆడితె గా అబద్ధానికి మల్ల ఆయననే సంతకం పెట్టాలె గద," అంది.

అప్పుడు చెప్పింది అంతా. ఫిబ్రవరిలో, వంటింటి గడపలో నిలబడి మూడుసార్లు అనేశాడట. అమ్మ అతని కాళ్లు పట్టుకుందట. కన్న కొడుకు కాళ్లు. అయిదో ఏడు నిండేదాకా బయటికి పొక్కనివ్వకు, ఒక్క సంతకం పెట్టి తర్వాత నీ ఇష్టం అని బతిమాలిందట. సరేనన్నాడట కూడా. కానీ చిత్తాపూర్‌లో అతను చేసుకున్నామె, ఈమె ఇంట్లో ఉన్నంతకాలం కాపురానికి రానని పట్టుబట్టింది. ఎనిమిది నెలలు భాబీ ఆ ఇంట్లో మొగుడు కాని మొగాడికి వండిపెట్టింది. అది పాపమని రోజూ నమాజులో ఏడ్చుకుంటూ వండిపెట్టింది.

ఇంటికొచ్చి అమ్మను నిలదీశాను. నాకెందుకు చెప్పలేదని అరిచాను. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"నీకు చెప్తె నీ నౌకరికి ఏమన్నయితదేమో అని చెప్పలె. ఒక బిడ్డకు నిలువనీడ లేకపాయె. నీకన్న ఉండని అనుకున్న."

దేశం విడిచి వెళ్లమని నోటీసు రావడానికి రెండు నెలలు పట్టింది. నేను సెలవు పెట్టి వికారాబాద్‌లో ఒక వకీలు దగ్గరికి పోయాను. ఆయన కాగితాలన్నీ ఓపికగా చదివాడు. ఆమె ఉండే హక్కంతా భర్త మీద ఆధారపడిందనీ, భర్త లేనప్పుడు ఏం చూపించి అడుగుతామనీ అన్నాడు. పాప సంగతి అడిగాను. పాప ఇక్కడ పుట్టింది, ఇక్కడి పిల్ల. తండ్రి సంతకం లేకుండా పాస్‌పోర్టు రాదు. మళ్లీ సంతకమే.

అన్న పెట్టనన్నాడు. ఇక్కడ నాకు ఇంకో నిజం కూడా రాయాలి. అమ్మ కూడా పెట్టమని అతన్ని అడగలేదు. "పిల్లనన్న ఉండని," అంది. తమ్ముడు పోయాడు, తమ్ముడి బిడ్డ పోతోంది, మూడోది కూడా ఆ దిక్కుకే పోతే ఆమె తట్టుకోలేదు. నేను కూడా పాపను వదల్లేకపోయాను. భాబీ ఒంటరిది. మేం ముగ్గురం.

పోయే రోజు పొద్దున పాపకు తల దువ్వి, రెండు జడలు వేసి, రొట్టె పాలల్లో నానబెట్టి తినిపించింది. "ఊరికి పోయొస్త, దాదిని సతాయించకు," అంది నాయనమ్మను చూపిస్తూ. పాప మూడున్నరేళ్లది. ఊరి నుంచి ఏం తెస్తావని అడిగింది. భాబీ జడ రిబ్బను విప్పి మళ్లీ కట్టింది. హైదరాబాద్ దాకా నేను తోడు వెళ్లాను. అక్కడి నుంచి ఢిల్లీ పోతున్న ఒక ముసలి చుట్టం ఆమెను తీసుకుపోయాడు. దారంతా ఆమె నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఆ సంతకం మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి నన్ను తిట్టి ఉంటే నాకు బాగుండేది.

అమ్మ రెండేళ్లు కూడా బతకలేదు. చిత్తాపూర్ ఆమె ఇంటికి వచ్చింది, పిల్లలు పుట్టారు. నాకు వికారాబాద్ బదిలీ అయితే పాపను నాతో తీసుకుపోతానన్నాను. అన్న అడ్డు చెప్పలేదు. తల్లికి ఇవ్వనన్న పిల్లను నాకు ఒక్క మాటతో ఇచ్చేశాడు. వికారాబాద్‌లో రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. పాప నన్ను అమ్మీ అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు తెలియదు. నేను నేర్పలేదు. ఆపనూ లేదు.

భాబీ కరాచీలో తన తమ్ముడి ఇంట్లో ఉండి బట్టలు కుట్టేది. కూతుర్ని చూసిపోవడానికి వీసా కోసం అర్జీ పెట్టుకుంటూనే ఉంది. ఇక్కడి నుంచి పిలిచే మనిషిగా నేను కాగితాలు పంపాను. నువ్వు ఆమెకు ఏమవుతావు అన్న గడి దగ్గర ప్రతిసారీ ఆగిపోయేదాన్ని. ఆడబిడ్డనని రాయడానికి లేదు. మేనత్త కూతురినని రాశాను. రెండుసార్లు కాదన్నారు. మూడోసారి, ఎనభై ఎనిమిది ఎండాకాలంలో, ఒక నెలకు ఇచ్చారు. పాత ఫైల్లో ఉన్న చిరునామానే వేశారు. తాండూరు. తాండూరు వరకే.

నేను ఉంటున్నది వికారాబాద్‌లో. ఆమె ఉండదగిన ఇల్లు తాండూరులో లేదు. ఆ ఇంట్లో ఇప్పుడు వేరే ఆమె ఉంది. రైలు స్టేషను దగ్గర నెల రోజులకు ఒక గది తీసుకుని, బడి సెలవులు కాబట్టి పాపతో అక్కడికి మారాను.

భాబీ చిక్కిపోయింది. ముందు పన్ను ఒకటి ఊడింది. పాపను చూసి రెండు చేతులూ చాచింది. పాప నా వెనక్కి వచ్చి నిలబడింది. తొమ్మిదేళ్ల పిల్ల. ముందే అంతా చెప్పి తీసుకొచ్చాను, అయినా "ఖాలా" అని పిలిచింది, అంటే పిన్ని అని. భాబీ "ఊ" అని పలికింది. ఏం పిలిచినా పలికేది.

వారం రోజులు పాప ఆమె వడ్డించింది తినలేదు. రెండో వారం తల దువ్వనిచ్చింది. అంతకంటే దగ్గరికి రాలేదు. భాబీ తొందరపడలేదు. కానీ ఆమెకు ఒకటే కోరిక పుట్టింది, వికారాబాద్‌లో బిడ్డ ఉండే ఇల్లు చూడాలని. గంట ప్రయాణం. పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. ఠాణాకు పోయి దరఖాస్తు ఇచ్చాం. పైకి పంపుతామన్నారు. రోజూ పోయి అడిగేదాన్ని. ఇంకా రాలేదనేవారు. దొంగచాటుగా పోదామని ఒకనాడు నేనే అన్నాను. ఇంత ఆలస్యంగా నాకు ధైర్యం వచ్చింది. ఆమె వద్దంది.

"దొరికితె మల్ల ఎన్నడు రానియ్యరు."

వెళ్లే ముందు రోజు మధ్యాహ్నం పాపను పిలిచి ఒక కాగితం, పెన్సిల్ ముందు పెట్టింది. "మీ ఇల్లు ఎట్లుంటదో గీసి సూపియ్యి బిడ్డా," అంది. పాప విసుక్కుంటూనే గీసింది. గీస్తూ గీస్తూ హుషారు వచ్చింది. గిది వాకిలి, గీడ నల్లా, గిది మా జామచెట్టు, గీడ పిల్లి పంటది అని చెబుతూ పోయింది. తనకు తెలియకుండానే జరిగి జరిగి తల్లి మోకాలికి ఆనుకుంది. భాబీ కదలకుండా కూర్చుంది. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నట్టు కనిపించింది.

"నువ్వు పండుకునేది ఏడ?"

"ఈడ. అమ్మీ పక్కన."

భాబీ ఆ గీత మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు. తర్వాత, "గీ కాగితం నాకిస్తవా? తీస్కపోత," అంది.

పాప కాగితాన్ని గుంజుకుని వీపు వెనక దాచుకుంది. "ఇయ్య. నాది. మా టీచర్‌కు సూపియ్యాలె."

"ఇచ్చెయ్ బిడ్డా," అన్నాను నేను. పాప తల అడ్డంగా ఊపింది. కొంచెం గట్టిగా అంటే ఇచ్చేదే. నేను మళ్లీ నోరు తెరిచేలోపు భాబీ చేయి ఊపింది.

"ఉండనియ్ టీచరమ్మా. పిల్లతోని కొట్లాడకు. నాకు యాదికుంటది."

మర్నాడు పొద్దున్నే హైదరాబాద్ రైలు ఎక్కింది. స్టేషనుకు పాపను తేవద్దంది. ఆ తర్వాత రెండుసార్లు ఆమె కోసం కాగితాలు పంపాను. రెండూ తిరిగొచ్చాయి.